రెండో చెయ్యి కదల్లేదు

కోపం వస్తే అందరి గొంతూ పెరుగుతుంది. మెహ్‌నాజ్ గొంతు తగ్గుతుంది. చాలా ఏళ్లు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ఫ్యాక్టరీ ప్రమాదాలు విచారించి, వేళ్లు తెగినవాడిదే తప్పని రాసిపెట్టమనే పెద్దల మాట వినలేక ఆ ఉద్యోగం వదిలేసి, మదనపల్లెలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. ఆ ఉద్యోగం ఆమెకు నేర్పింది ఒకటే. యంత్రం దగ్గర మనిషి పడిపోతే, నేరం ముందుగా వెళ్లి నోరు లేనివాళ్ల నెత్తిన కూర్చుంటుంది.

పుంగనూరు బయట శ్రీగిరి యూనివర్సిటీలో, రోబోటిక్స్ ల్యాబు గుమ్మం ముందు నిలబడి ఆమె అంటున్న మాట, ఎదుటి మనిషి చెవి ఒగ్గితే తప్ప వినపడటం లేదు.

"తలుపు తీయండి సార్."

ఎదుటి మనిషి మునిచంద్ర. పోలీసు శాఖలో పనిచేసి రిటైరై, చిత్తూరులో తనూ ఒక డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. ఈ ప్రమాదం మీద యూనివర్సిటీ తరఫు విచారణ ఆయనదే. మీసం కింద చిన్న నవ్వుతో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"విచారణ అయిపోయిందమ్మా. సాయంత్రానికి రిపోర్టు ఇచ్చేస్తాండా. మళ్లీ నువ్వొచ్చి గెలికేదేముండాది?"

"ఆ రిపోర్టులో పల్లవి పేరుండాది. పల్లవి తల్లి నన్ను పెట్టుకోనుండాది. సూడకుండా పోను సార్."

పల్లవి తల్లి బయ్యమ్మ. బైరెడ్డిపల్లె పక్క పల్లెలో మెట్టభూమిలో టమోటా పెట్టుకుని బతికే రైతు. ఆ ఉదయమే కూతురిని వెంటబెట్టుకుని మదనపల్లె ఆఫీసుకు వచ్చింది. పల్లవి ఈ ల్యాబులోనే పరిశోధన చేస్తోంది. టమోటాలు గ్రేడింగు చేసే రోబో చెయ్యి వీళ్లు తయారుచేసిన యంత్రం. బెల్టు మీద కాయలు కదిలి వస్తుంటే కెమెరా చూస్తుంది. పచ్చివి, పండువి, దెబ్బతిన్నవి వేరుచేసి ఆ ఇనుప చెయ్యి వేరువేరు క్రేట్లలో పెడుతుంది. ఏ కాయ ఎలాంటిదో పోల్చుకునే తెలివి ఆ యంత్రానికి ఇచ్చింది పల్లవి రాసిన కోడ్.

గతవారం భరత్ అనే కొత్త విద్యార్థి ఆ చెయ్యి కిందికి వంగి ఇరుక్కున్న క్రేటు తీస్తుండగా అది ఒక్కసారిగా తిరిగి అతని తలను కొట్టింది. అప్పటినుంచీ భరత్ బెంగళూరు ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. మర్నాడే యూనివర్సిటీ పల్లవిని సస్పెండు చేసింది. సరిగా పరీక్షించని కోడ్ ఎక్కించి ఒక విద్యార్థి ప్రాణం మీదికి తెచ్చిందని ఆమె మీద నేరం. నేడో రేపో పోలీసు కేసు కూడా పెడతామని కబురు పంపారు.

మెహ్‌నాజ్ ఆ అమ్మాయిని ఉదయం చాలాసేపు ప్రశ్నించింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయినా పల్లవి తడబడకుండా జవాబులు చెప్పింది. ల్యాబులో ఒక నియమం ఉందట. ప్రతి మంగళవారం అందరూ కూర్చుని ఆ వారం ఏం నేర్చుకున్నారో, ఏం చెడగొట్టారో దాపరికం లేకుండా చెప్పాలి. రాసింది ఏదైనా అందరికీ అందేచోట పెట్టాలి. ఆ నియమం పెట్టినవాడు ల్యాబు అధిపతి ప్రొఫెసర్ వెంకటేశులు. దాని గురించి పేపర్లలో కూడా వచ్చింది. పల్లవి దాన్ని దేవుడి మాటలా పాటించింది. తన కోడ్ మొత్తం అందరికీ ఇచ్చింది. చేరి నెల తిరగని భరత్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం అక్షరం నేర్పింది.

"నేను దాచిపెట్టుకోనుంటే నా పేరు యాడా కనపడేది కాదు మేడమ్," అంది పల్లవి. "అందరికీ ఇచ్చినా కాబట్టే అది పల్లవి కోడ్ అయింది. ఇప్పుడు ఆ పేరే పట్టుకున్నారు."

బయ్యమ్మ పక్కనుంచి అందుకుంది. "నా బిడ్డ పెట్టింది తిన్నోళ్లే మూతి తుడుసుకోని వచ్చి రాళ్లేస్తాండారమ్మా. దీన్ని అడిగేవాళ్లు లేరా?"

ఆ మాట మెహ్‌నాజ్ గుండెలో ముల్లులా దిగింది. పుంగనూరు దాకా కారు నడుపుతున్నంతసేపూ అది సలుపుతూనే ఉంది.

గుమ్మం దగ్గర మునిచంద్ర తన కేసు విప్పి చెప్పాడు. ఆయనకు అంతా నున్నగా కుదిరిపోయింది. ప్రమాదం జరిగిన రోజు పొద్దున పల్లవి కొత్త కోడ్ మొదటి చేతికి ఎక్కించింది. మధ్యాహ్నం ఆ చెయ్యే భరత్‌ను కొట్టింది. రాసింది నేనేనని పిల్ల తన నోటితోనే ఒప్పుకుంది. ఇంకేం కావాలి?

"పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కుదురుగా ఆడిన కోడ్‌కు ఉన్నట్టుండి పిచ్చి పట్టిందా సార్?"

"యంత్రం అన్నాక పడుతుందమ్మా."

"ఎప్పుడు పట్టిందో ఎవురినైనా అడిగినారా?"

"టైము రాసుకోనుండా గదా. పన్నెండున్నర దాటినాక."

"టైము కాదు సార్. ఆ క్షణంలో ల్యాబులో ఇంకా ఏమేం జరిగిందో అడిగినారా అంటాండా."

మునిచంద్ర నవ్వు ఆగిపోయింది. చిన్నపిల్లకు చెప్పినట్టు గొంతు మెత్తబరిచి, ఇన్సూరెన్సు చెక్కుల కోసం తిరిగేవాళ్లకు నేర విచారణ అర్థం కాదని, ముప్పై ఏళ్లు పోలీసు టోపీ పెట్టుకున్న తలకాయ తనదని అన్నాడు. మెహ్‌నాజ్ ఇంకా నెమ్మదిగా జవాబిచ్చింది. టోపీ పెట్టుకున్న తలకాయ గురించి తనకు తగాదా లేదని, దెబ్బ తిన్న తలకాయ గురించే వచ్చానని అంది.

ఆ మాటలకు లోపలినుంచి తలుపు తెరుచుకుంది. తెల్లచొక్కా, నుదుట చిన్న బొట్టుతో ప్రొఫెసర్ వెంకటేశులు బయటికి వచ్చాడు. భరత్ పేరు ఎత్తగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రానివ్వండి మునిచంద్రగారూ. ఇది తెలిసింది పంచుకునే చోటు. మా దగ్గర దాచుకునేది ఏమీ లేదు," అన్నాడు.

లోపల రెండు బల్లలు, రెండు బెల్టులు, ఒక్కో బల్లకు బిగించిన ఒక్కో ఇనుప చెయ్యి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే పొడవువి. నేలమీద బల్లల చుట్టూ, చెయ్యి అందే మేరకు హద్దుగా పసుపు గీత. ప్రమాదం మొదటి బల్ల దగ్గర జరిగింది. అక్కడ నేల అద్దంలా మెరుస్తోంది. రక్తం మరక మాట అటుంచితే, మనిషి ఎక్కడ పడ్డాడో చెప్పే చిన్న గుర్తు కూడా మిగల్లేదు. మర్నాడే కడిగించామని ప్రొఫెసర్ చెప్పాడు. పిల్లలు చూడలేకపోతున్నారట. నేల కడగడానికి చూపిన తొందర నిజం వెతకడానికి ఎవరూ చూపలేదు.

రెండో బల్ల దగ్గర ఒక యువకుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు అజయ్. ల్యాబులో అందరికంటే సీనియర్ పరిశోధకుడు. రెండో చెయ్యి మీద పనిచేసేది తనొక్కడేనని చెప్పాడు. ప్రమాదం జరిగినప్పుడు క్యాంటీన్‌లో ఉన్నానని, కేకలు విని పరిగెత్తుకు వచ్చానని చెప్పాడు. మర్యాదగానే మాట్లాడాడు గానీ, మొదటి బల్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఆ మధ్యాహ్నం కరెంటు పోయిందా?" అని అడిగింది మెహ్‌నాజ్.

"పోయింటుంది మేడమ్. దినామూ పోతాంటుంది గదా."

"దినామూ పోయేది కాదు. ఆ దినం, భరత్‌కు దెబ్బ తగిలే ముందు పోయిందా లేదా?"

అజయ్ జవాబు చెప్పేలోపు మునిచంద్ర కల్పించుకున్నాడు. కరెంటుకూ దీనికీ ఏం సంబంధమని గద్దించాడు. కంప్యూటర్లు బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటాయి, కోడ్ ఆగదు, అది కూడా తెలియకుండా రావడమేమిటన్నాడు.

మెహ్‌నాజ్ ఆయన వైపు తిరిగింది. పల్లవి చెప్పిన మాట మీరు రాసుకుని ఉంటే సంబంధం తెలిసేదని అంది. దెబ్బ తగిలిన నిమిషంలో పల్లవి ల్యాబు బయట వరండాలో ఉంది. కరెంటు పోయి ఉక్కపోస్తే గాలికి వచ్చి నిలబడింది. ఉన్నట్టుండి లోపల ఏసీ కీచుమని మోగింది. ఆగిపోయిన ఏసీ కరెంటు రాగానే అలా ఒకసారి మోగుతుంది. ఆ కీచుమన్న శబ్దమూ, భరత్ వేసిన కేకా రెండూ కలిసి వినపడ్డాయని పల్లవి చెప్పింది. ఈ సంగతి ఆమె మునిచంద్రకు కూడా చెప్పింది. ఆయన ఏసీ గురించి నీ దగ్గర పాఠం వినడానికి రాలేదని కసిరాడు.

"అంటే కరెంటు లేనంతసేపూ చెయ్యి చచ్చినట్టు పడుండాది. వాడు నమ్మి కిందికి వంగినాడు. కరెంటు రాగానే అది కొట్టింది. పిచ్చి పట్టింది కోడ్‌కు కాదు సార్."

ప్రొఫెసర్ తల అడ్డంగా ఊపాడు. చేతికి బ్రేకులున్నాయని, కరెంటు వచ్చినా ఎవరైనా మీట నొక్కేదాకా అది కదిలే ప్రశ్నే లేదని, తయారుచేసిన కంపెనీ హామీ కూడా ఇచ్చిందని ఓపికగా వివరించాడు.

"అయితే సూద్దాం," అంది మెహ్‌నాజ్. "రెండు చేతులకూ పల్లవి కోడే ఎక్కించండి. అదే కోడ్, అదే బెల్టు, అవే కాయలు."

మునిచంద్ర అభ్యంతరం చెప్పబోయాడు. తన విచారణలో అదే చేతిని రెండు రోజులు ఆడించి చూశానన్నాడు. కరెంటు తీసి చూశారా అని అడిగితే మాత్రం బల్లకు దారిచ్చి పక్కకు జరిగాడు.

అజయ్ నెమ్మదిగా, ఒళ్లు బరువైన మనిషిలా కోడ్ ఎక్కించాడు. రెండు చేతులూ పని మొదలుపెట్టాయి. కాయ తీయడం, తిరగడం, క్రేటులో పెట్టడం, మళ్లీ వెనక్కి రావడం. చూడముచ్చటగా ఉంది. ఆ పోల్చుకునే తెలివికి చిన్న తప్పు కూడా దొర్లలేదు. మెహ్‌నాజ్ గోడకున్న మెయిన్ స్విచ్చు దించింది. ఏసీ ఆగింది, బెల్టులు ఆగాయి, రెండు చేతులూ ఎక్కడివక్కడ సగంలో నిలిచిపోయాయి.

భరత్ తల ఉన్న చోట, రెండు బల్లల మీదా ఒక్కో ఖాళీ ప్లాస్టిక్ క్రేటు బోర్లించింది. తర్వాత అందరినీ ఒకసారి చూసి స్విచ్చు మీద చెయ్యి వేసింది. మునిచంద్ర బాగా కనపడేందుకు ముందుకు వంగాడు. అజయ్ తల దించుకున్నాడు. ప్రొఫెసర్ మాత్రం ఎవరూ చెప్పకముందే పసుపు గీత దాటి వెనక్కి జరిగాడు. మెహ్‌నాజ్ అది చూసింది.

స్విచ్చు ఎత్తింది.

ఏసీ కీచుమంది. ఆ కీచుతో పాటే మొదటి చెయ్యి కొరడాలా తిరిగింది. క్రేటు పగిలి ముక్కలు గోడకు కొట్టుకున్నాయి. ఒక ముక్క మునిచంద్ర బూటు దగ్గర పడింది.

రెండో చెయ్యి కదల్లేదు. దాని కింద క్రేటు బోర్లించింది బోర్లించినట్టే ఉంది. ఆ చేతిని నడిపే కంట్రోలు పెట్టె మీద పచ్చ మీట ఒకటి, ఎవరైనా నొక్కుతారా అన్నట్టు వెలిగి ఆరుతోంది.

మళ్లీ చేశారు. మళ్లీ అంతే. మూడోసారి మునిచంద్రే తన చేత్తో స్విచ్చు దించి ఎత్తాడు. మొదటిది కొట్టింది, రెండోది ఊరుకుంది.

"ఒకే కోడ్ సార్," అంది మెహ్‌నాజ్. "పల్లవి తప్పయితే రెండూ కొట్టాల."

ఆయన స్క్రూ డ్రైవర్ అందుకుని రెండు చేతుల పెట్టెలూ తనే విప్పాడు. పాత పోలీసువాడి చురుకు ఆయనకు అప్పుడు తిరిగి వచ్చింది. మొదటి పెట్టెలో కంపెనీ బిగించిన తీగలు తప్ప మరేమీ లేవు. రెండో పెట్టెలో ఒక మూలన అగ్గిపెట్టె అంత రిలే ఒకటి, నల్లటేపు చుట్టి బిగించి ఉంది. దానినుంచి రెండు తీగలు పచ్చ మీటకు పోతున్నాయి. కరెంటు వచ్చినా, మీట నొక్కేదాకా మోటార్లకు అందకుండా ఆపే చిన్న ముక్క అది. ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు.

మెహ్‌నాజ్ దాన్ని వేలితో తాకింది. ఆ చిన్న ముక్క మొదటి పెట్టెలో కూడా ఉండి ఉంటే భరత్ ఈపాటికి ఇదే గదిలో నిలబడి టమోటాలు ఏరుతూ ఉండేవాడు. ఆమె మాట్లాడినప్పుడు గొంతు దాదాపు ఊపిరైపోయింది.

"మందుండాదంటే, జబ్బు తెలిసినోడు ఒకడుండాడని అర్థం. ఇది పెట్టింది ఎవరు అజయ్?"

"కంపెనీ వాళ్లేమో మేడమ్."

"కంపెనీ వాళ్లు నల్లటేపు చుట్టి పంపరు. నీ చెయ్యి మీద నువ్వు తప్ప ఎవురూ పనిచేయరని ఇప్పుడే చెప్పినావు."

అజయ్ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మణికట్టు పైన పాత దెబ్బ మచ్చ, ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. ఎండాకాలంలో ఒకరోజు కరెంటు వచ్చినప్పుడు ఆ చెయ్యి తననే కొట్టిందని, ఎముక విరగకపోవడం అదృష్టమని చెప్పాడు. కరెంటు పోయినా కంప్యూటరు బ్యాటరీ మీద లెక్కలు వేస్తూనే ఉంటుంది, చెయ్యి మాత్రం వెనకబడిపోతుంది. కరెంటు రాగానే ఆ వెనకబాటంతా ఒక్క విసురులో తీర్చుకుంటుంది. అది కనిపెట్టడానికి అతనికి చాలా రోజులు పట్టింది. కనిపెట్టి రిలే బిగించుకున్నాడు.

"తన చేతికి బిగించుకున్నాడు," అంది మెహ్‌నాజ్, మునిచంద్రతో. "పక్క బల్లకు బిగించలేదు. పక్క బల్ల కాడ నిలబడేవాళ్లకు చెప్పనూ లేదు. యాల అజయ్? ప్రతి మంగళవారం కూర్చుంటిరి గదా. ఎండాకాలం నించి ఎన్ని మంగళవారాలు పోయినాయి?"

"చెప్పేస్తే అది అందరిదీ అయిపోతుంది మేడమ్. రీసెర్చి పేపరు రాసుకోని, పేటెంటు వచ్చినాక చెబుదామని..."

"పేటెంటు వచ్చేదాకా ఈడ వంగే తలకాయలు ఎవురివి?"

అజయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లకు ఆమె మనసు కరగలేదు. తనకు తెలిసిందంతా పంచిన పిల్ల ఇంట్లో మొహం దాచుకుని ఏడుస్తోంది. తెలిసింది దాచుకున్నవాడు దర్జాగా ల్యాబులో తిరుగుతున్నాడు. సాయంత్రానికి రిపోర్టు ఇచ్చేస్తే అదే న్యాయమని ఊరంతా అనేది. తమ కోపం ఎవరి మీద చూపాలో కూడా ఆ భరత్ తల్లిదండ్రులకు తెలిసేది కాదు. ఆ తల్లి బెంగళూరు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని పల్లవిని శపిస్తోందని మెహ్‌నాజ్ విన్నది.

ప్రొఫెసర్ ముందుకొచ్చాడు. ఆయన ముఖం ఎర్రబడింది. ఈ ల్యాబులో తను పెట్టిన నియమం ఒక్కటేనని, దాన్ని తన పెద్ద శిష్యుడే కాలరాశాడని, ఇది ప్రమాదం కాదు ద్రోహమని గట్టిగా, ఆగి ఆగి అన్నాడు. ఈ క్షణమే అజయ్‌ను సస్పెండు చేస్తానన్నాడు. పల్లవికి క్షమాపణ చెబుతానన్నాడు. చాలా మంచి మాటలు. ఆ మాటలు నడుస్తున్నంతసేపూ అజయ్ తలెత్తి ఆయననే చూశాడు. ఒకసారి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

మునిచంద్ర సంచిలోంచి కాగితాలు తీశాడు. పల్లవి పేరు కొట్టేసి అజయ్ పేరు రాసుకుంటే సాయంత్రానికి పని అయిపోతుందని ఆయన లెక్క. అది ఆయన ముఖంలోనే కనపడుతోంది. మెహ్‌నాజ్ చెయ్యెత్తి ఆపింది.

"ఆగండి సార్. ఇట్లాంటి చేతులు మొత్తం ఎన్ని చేసినారు అజయ్?"

"మూడు మేడమ్."

"మూడోది యాడుండాది?"

"కుప్పంలో. ప్యాకింగు షెడ్డులో పెట్టుండారు."

"దానికి ఈ రిలే ఉండాదా?"

అజయ్ తల అడ్డంగా ఊపాడు.

మెహ్‌నాజ్ ఆ షెడ్డు నంబరు అడిగి తీసుకుని ఫోను చేసింది. ఖాతూన్ అనే ఆవిడ ఎత్తింది. షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్ల మీద మేస్త్రీ ఆమె. మెహ్‌నాజ్ ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. తానెవరో చెప్పి, కరెంటు పోయినప్పుడు మీ దగ్గర ఆ ఇనుప చెయ్యి ఎవరినైనా కొట్టిందా అని అడిగింది.

"అల్లా దయ, అట్లాంటిదేం జరగలేదమ్మా," అంది ఖాతూన్. "కరెంటు పోతే ముందు మెయిన్ ఆఫ్ చేస్తాం. ఆఫ్ చేయకుండా చెయ్యి కింద తల పెట్టకూడదని చెప్పినారు గదా."

"ఎవరు చెప్పినారు?"

"మీ పెద్ద సారే చెప్పినాడు. మెషీను పెట్టిన దినమే అందర్నీ నిలబెట్టి చెప్పినాడు. మా నోటితో మళ్లీ చెప్పించుకున్నాడు కూడా."

మునిచంద్ర చేతిలో కాగితాలు కిందికి వాలాయి. ఆయన మెహ్‌నాజ్ కంటే ముందే ఫోను మీదికి వంగాడు.

"ఏ సారమ్మా? పేరు చెప్పు."

"వెంకటేశులు సారు. ఇంకెవురు?"

"ఎప్పుడు చెప్పినాడు? బాగా గుర్తు చేసుకోని చెప్పు."

"బక్రీదు పండగైన వారంలో సారూ. ఈ మాట షెడ్డు దాటి బయటికి పోకూడదు, పోతే మెషీను ఎవురూ కొనరని కూడా అన్నాడు. యాల సారూ, ఏమైంది?"

బక్రీదు. భరత్ ఈ ల్యాబులో అడుగు కూడా పెట్టని రోజులు. మెహ్‌నాజ్ ప్రొఫెసర్ వైపు తిరిగింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. అది మామూలుగా చెప్పే జాగ్రత్తేనని, ఏ యంత్రానికైనా చెబుతామని, దానికీ దీనికీ ముడిపెట్టడం అన్యాయమని అన్నాడు.

"మామూలు జాగ్రత్తయితే మీ పిల్లోళ్లకు యాల చెప్పలేదు సార్?" అన్నాడు మునిచంద్ర.

ఆయనతో పడ్డ తగాదా అంతా మెహ్‌నాజ్ ఆ ఒక్క ప్రశ్నకు మర్చిపోయింది. జవాబు అజయ్ దగ్గరినుంచి వచ్చింది. రిలే బిగించిన ఆ సాయంత్రమే తను సార్ ఇంటికి వెళ్లి మొత్తం చెప్పానన్నాడు. మంగళవారం చెబుదామంటే సారే వద్దన్నాడట. పేపరులో నీ పేరు ముందుంటుంది, అప్పటిదాకా నోరు మూసుకో అన్నాడట. యంత్రంలో తప్పు ఉందని తెలిస్తే కొనేవాళ్లు బెదిరిపోతారని సార్ భయం.

మెహ్‌నాజ్‌కు ఒళ్లంతా మండిపోయింది. కొనేవాళ్ల షెడ్డులో ఎవరికీ దెబ్బ తగలకూడదు గనక అక్కడివాళ్లకు చెప్పాడు. దెబ్బ తగిలితే గుట్టుగా ఆసుపత్రిలో పడి ఉండే విద్యార్థులకు మాత్రం చెప్పలేదు. పైగా మంగళవారం మంగళవారం వాళ్లందరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, తెలిసింది దాచకండి నాయనా అని పాఠం చెప్పాడు. ఇందాక ఆయన గీత దాటి వెనక్కి ఎందుకు జరిగాడో ఆమె ఇప్పుడు అందరిముందూ అడిగింది. "కొడుతుందని మీకు తెలుసు సార్. మునిచంద్రగారు ముందుకు వంగినప్పుడు కూడా మీ నోట్లోంచి ఆగు అనే మాట రాలేదు."

మునిచంద్ర ఒకసారి తన బూటు పక్కన పడి ఉన్న ప్లాస్టిక్ ముక్క కేసి చూసుకున్నాడు. వెళ్లి తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఇందాక ఆమెను రానివ్వకుండా నిలబడిన మనిషి, ఇప్పుడు ప్రొఫెసర్ పోకుండా నిలబడ్డాడు.

బల్ల మీద ఫోనులో ఖాతూన్ ఇంకా ఉంది. భయపడినట్టుంది. ఈ గొడవలో తమ షెడ్డు పేరు రానివ్వవద్దని బతిమాలింది.

"మా కాడ అదిప్పుడు లేదు కూడా అమ్మా. నిన్ననే వ్యానులో వేసుకోని మదనపల్లె మండీకి తీసుకోని పోయినారు. ఆడ ఈ దినం అందరికీ చూపిస్తారంట."

మెహ్‌నాజ్ ఫోను మీదికి వంగింది.

"మెయిన్ ఆఫ్ చేయాలని వాళ్లకు చెప్పినారా ఖాతూన్?"

"మేము చెప్పకూడదన్నాడు గదమ్మా. సారే చెప్పింటాడు అనుకుంటిమి."

మెహ్‌నాజ్ ప్రొఫెసర్ కేసి చూసింది. అజయ్ చూశాడు. మునిచంద్ర చూశాడు. ప్రొఫెసర్ వెంకటేశులు గోడకు ఆనుకుని, సాయంత్రం వెళ్లినప్పుడు చెబుదామనుకున్నానని గొణిగాడు.

మదనపల్లె మండీలో రఫీక్ ఆమె వీధివాడే. చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు. ఆ మండీలో సగం టమోటా అతని చేతుల మీదుగా పోతుంది. మెహ్‌నాజ్ అతని నంబరు నొక్కింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తాడు. వెనక వేలం పాటల అరుపులు, లారీల హారన్లు.

"అక్కా, నువ్వూ రావాల్సింది. పుంగనూరు యూనివర్సిటీవాళ్లు ఏదో మెషీను తెచ్చినారు, శానా బాగుండాది. జనం విరగబడి సూస్తాండారు. ఇప్పుడే కరెంటు పోయి ఆగింది."

"రఫీక్, నా మాట విను. దాని దగ్గర ఎవురుండారు?"

"మన హమాలీ మునస్వామి. క్రేటు ఇరుక్కోనుంటే లోపలికి వంగి తీస్తాండాడు."

"వాణ్ని బయటికి లాగు. మెయిన్ ఆఫ్ చెయ్యి."

"ఏమక్కా? గోలగా ఉండాదిక్కడ, సరిగా వినపడలే."

మెహ్‌నాజ్ గొంతు అప్పుడు పెరిగింది. ల్యాబు గోడలు మోగేట్టు అరిచింది. "మునస్వామిని బయటికి లాగు రఫీక్."

"ఆఁ, ఉండక్కా, ఉండు," అన్నాడు రఫీక్ సంతోషంగా. "కరెంటు వచ్చేసింది."